ఈల వేసినంత మాత్రాన బేరింగు బాగుపడినట్టు కాదు

మొన్న ఆదివారం ఒకాయన కొడుకు స్కేట్ల నుంచి ఊడదీసిన పదహారు బేరింగులను టిఫిను డబ్బాలో పోసుకుని గుంటూరులోని మా షెడ్డుకు వచ్చాడు. "టైర్ల షాపులో గాలి కొట్టించానండీ, ఈల వేస్తూ తిరిగాయి. తీరా చక్రాలకు ఎక్కిస్తే గరగరమంటున్నాయి" అన్నాడు. మోటార్ల పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఈ మాట వినని వారం లేదు.

అపోహ: గాలి కొడితే మురికి పోతుంది, గిర్రున తిరిగితే బేరింగు బాగున్నట్టే.

వాస్తవం: కొత్త బేరింగును వేలితో తిప్పి చూడండి. గ్రీజు ఉంటుంది కాబట్టి బద్ధకంగా నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతుంది. నూనె చుక్క కూడా లేని బేరింగే బొంగరంలా తిరుగుతుంది. ఆ ఈల ఎండిపోయిన ఇనుము చేసే చప్పుడు.

స్కేట్లకు వేసే 608 నంబరు బేరింగునే తీసుకోండి. రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22, మందం 7. లోపలి రింగుకూ బయటి రింగుకూ మధ్య మామూలుగా ఏడు గుండ్లు. తయారీలో లోపలి రింగును ఒక పక్కకు జరిపి, ఆ సందులోంచి గుండ్లు పోసి, వాటిని సమానంగా సర్ది కేజ్ బిగిస్తారు. గుండ్లను ఎక్కడివక్కడ నిలిపేది ఆ పలుచని కేజే. సీలింగ్ ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. ఎయిర్ గన్ పెడితే లెక్క వేలల్లోకి పోతుంది. మీద బరువు లేదు, లోపల నూనె లేదు, గుండ్లు దొర్లడం మాని జారతాయి, రింగులో అవి దొర్లే దారి గీసుకుపోతుంది. కేజ్ విరిగిందా, గుండ్లన్నీ ఒక పక్కకు చేరి రింగులు విడిపోతాయి. ఏ ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

నా ఎడమ కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉంది. పని నేర్చుకునే రోజుల్లో 6202 నంబరు బేరింగును వేలికి తగిలించుకుని, ఈల వినే సరదాతో గాలి పెట్టాను. మూడు కుట్లు పడ్డాయి. అర అంగుళం కిందకు తగిలి ఉంటే కన్ను పోయేది. ఇంకోసారి కారం మిల్లు మోటారు బేరింగు. ఒక్కసారి గన్ నొక్కగానే షీల్డు, అంటే బేరింగు పక్కను మూసే రేకు, వెనక పేరుకున్న కారమంతా ఎర్రటి పొగలా లేచింది. షెడ్డులో ఉన్న నలుగురం సాయంత్రం దాకా కళ్లు కడుక్కుంటూనే ఉన్నాం.

కాబట్టి గాలి తప్పదనుకుంటే కళ్లద్దాలు పెట్టుకుని, లోపలి రింగూ బయటి రింగూ రెండూ కదలకుండా వేళ్ల మధ్య బిగించి పట్టుకోండి. కంప్రెసర్ గాలిలో నీటి తేమ కూడా వస్తుందని మరవకండి. నేనైతే పాత నూలు బట్ట మీద పెట్టి నీడలో ఆరనిస్తాను.

కడగడానికి రెండు తెల్లటి గిన్నెలు చాలు. బేరింగు పక్క మూత రబ్బరు సీలయితే లోపలి అంచు దగ్గర గుండుసూది మొనతో మెల్లగా లేపండి. మొదటి గిన్నెలో కిరసనాయిలు పోసి నానబెట్టి మెత్తని బ్రష్షుతో తోమండి, అప్పుడే తిప్పకండి, లోపలి ఇసుక అరగదీస్తుంది. తర్వాత రెండో గిన్నెలో మెల్లగా తిప్పుతూ కడగండి. అడుగున నల్లటి రేణువు కనబడినంతసేపూ కొత్త ద్రవం పోయాల్సిందే.

అపోహ: పెట్రోలయితే మురికి త్వరగా పోతుంది. పోతుంది, ఒక్కోసారి షెడ్డు కూడా పోతుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ పక్కన వెల్డింగు నిప్పురవ్వ దాకా వెళ్తుంది. కిరసనాయిలో, రంగులవాళ్ల టర్పెంటైనో వాడండి. మన మే నెల ఎండలో వాటినీ పూర్తిగా నమ్మలేం, నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట కూర్చోండి.

థిన్నర్‌లో రబ్బరు సీలు ఉబ్బుతుంది. గ్రీజు కూరితే మంచిదనుకోవడమూ తప్పే, ఖాళీలో మూడో వంతు చాలు, మిగతాది వేడి పుట్టిస్తుంది. కడిగిన బేరింగును చెమట చేత్తో వదిలేస్తే వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పడుతుంది, అందుకే ఆరిన వెంటనే గ్రీజు పెట్టాలి. రేకు షీల్డు నొక్కి బిగించిన రకమైతే దాన్ని పెకలించకండి, వంగి రుద్దుకుంటుంది. కొత్తది వేయడమే నయం.

ఫ్యాను గరగరమంటే ఊడి మీద పడుతుందేమోనని రాత్రుళ్లు నిద్రపోని పెద్దవాళ్లు ఫోను చేస్తుంటారు. కంగారు పడకండమ్మా. ఫ్యాను బరువు మోసేది పైన కొక్కెం, రాడ్డు బోల్టు, దానికున్న పిన్ను. ఎవరినైనా నిచ్చెన ఎక్కించి ముందు అవి చూపించండి, బేరింగు సంగతి తీరిగ్గా చూద్దాం.

స్కేట్ల బేరింగులలో పదకొండు బాగయ్యాయి. మిగతా అయిదింటిని ఒక నూనె చుక్క వేసి, కాస్త నొక్కిపట్టి మెల్లగా తిప్పితే ప్రతి చుట్టులో ఒకచోట చిన్న గుంట వేలికి తగులుతోంది. అవి పక్కన పెట్టేశాను. పిల్లవాడు బాగైన వాటిలో ఒకటి తీసుకుని చెవి దగ్గర తిప్పి, "ఇది ఈల వేయడం లేదేమిటి?" అని నా వైపు అనుమానంగా చూశాడు.