పెన్షన్ రూపాయల్లో, మందుల బిల్లు డాలర్లలో

పెన్షన్ పడిందని ఫోనుకు మెసేజ్ రాగానే మా పెదనాన్న ఒక పాత డైరీ తీస్తారు. మనకు ఒకటో తారీఖు తెల్లారినా ఆయనుండే అమెరికాలోని డాలస్‌లో అప్పటికింకా ముందు రోజు రాత్రే. డైరీలో ఎడమవైపు ఎంత పడిందో, మధ్యలో ఆ రోజు డాలరు రేటు, కుడివైపు భాగిస్తే వచ్చే అంకె రాసేవారు. గుంటూరు జిల్లాలో జడ్పీ హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై, బ్రాడీపేటలో ఇంటికి తాళం వేసి, పెద్దమ్మతో సహా కొడుకు దగ్గరికి చేరిన మనిషి. చెప్పింది లెక్కలు కాబట్టి కుడివైపు అంకె రెండు దశాంశాల దాకా వేసేవారు. 2014 పేజీలో 27 వేలను 60తో భాగించారు: 450. ఈమధ్య పేజీలో 48 వేలను 90తో భాగించారు: 533.33.

"పెరిగినట్టే ఉంది కదరా, మరి చాలట్లేదేం?" అని ఒకరోజు ఫోన్లో అడిగారు.

రూపాయి పడిపోవడం కొత్త సంగతేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన రూపాయి బ్రిటిష్ పౌండుకు కట్టేసి ఉండేది, డాలరు మూడు రూపాయల ముప్పై పైసల చిల్లర పలికేది. 1949లో పౌండు విలువ తగ్గించినప్పుడు దాంతోపాటు మనదీ తగ్గి డాలరు 4.76 అయింది. ఆ రేటు 17 ఏళ్లు కదల్లేదు. చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం, పైన కరవు, ఆగిపోయిన విదేశీ సాయం అన్నీ కలిసి మెడ మీద కూర్చుంటే, 1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం ఒక్క దెబ్బతో డాలరును 7.50 చేసింది. అప్పట్లో గుంటూరులో పెన్షన్ తీసుకుంటున్న పెద్దాయనకు డాలరు రేటుతో పనేమిటి? ఆయనకు తెలిసిందల్లా బజారులో ధరలే.

డాలరుతో పని పడింది ఆయన కొడుక్కి. 1965లో అమెరికా వలస చట్టం మార్చాక, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లు ఆ దేశానికి దారి పట్టారు. అప్పట్లో దేశం దాటేవాళ్ల చేతికి ఇచ్చే విదేశీ మారకం 8 డాలర్లు. ఆ ఎనిమిది డాలర్ల కథ ఆ తరం డాక్టర్లు ఏ పెళ్లిలో కూర్చున్నా చెబుతారు. ఇప్పుడు వినేవాళ్లకు అది గొప్ప చెప్పుకోవడంలా అనిపిస్తుంది కానీ, దాని వెనకున్న లెక్క చాలా గట్టిది: రూపాయి బయటికి పోకూడదు, డాలరు లోపలికి రావాలి. మన నియమాలన్నీ ఆ దిశలోనే పుట్టాయి. రూపాయలు పట్టుకుని బయటికి వెళ్లి బతికే ముసలివాళ్లు ఉంటారని ఎవరూ ఊహించలేదు.

1991 సంగతి మన వాళ్లకు ఇంకా గుర్తే. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగింది, విదేశీ నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడేంతకు వచ్చాయి. పీవీ నరసింహారావు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. జూలై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయిని దించారు. డాలరు 21 నుంచి 26 దగ్గరికి వెళ్లింది. రెండో దెబ్బ ఆపించాలని చివరి నిమిషంలో ఢిల్లీ నుంచి ఫోన్ వెళ్లేసరికి, రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి.రంగరాజన్ అప్పటికే పని పూర్తి చేసేశారు. తర్వాత ఆయనే మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. ఆ జూలైలోనే దాదాపు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు కోసం విదేశాలకు తరలించారు. 1993 మార్చి నుంచి రేటును మార్కెట్‌కు వదిలేశారు, డాలరు 31 రూపాయల పైన మొదలైంది.

అప్పటి నుంచి ఎవరూ ప్రకటించి దించలేదు, అదే దిగుతూ వచ్చింది. 2007లో 40 లోపుకు వచ్చి కాస్త ఊరించింది. 2013 ఆగస్టు చివర్లో 68 దాటింది. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. 2022 అక్టోబరులో 83, 2025 డిసెంబరులో 90 దాటింది. 1991 నుంచి సగటున చూస్తే ఏడాదికి మూడున్నర, నాలుగు శాతం మధ్య అరుగుదల. కారణాలు సవాలక్ష చెబుతారు కానీ, ఎక్కువ భాగం మామూలు సంగతే: మన దగ్గర ధరలు అమెరికాలో కంటే వేగంగా పెరుగుతూ వచ్చాయి. చమురు కొనడానికి డాలర్లు కావాలి. అక్కడ వడ్డీ పెరిగినప్పుడల్లా ఇక్కడ పెట్టిన డబ్బు వెనక్కి పోతుంది.

ఇన్నిసార్లు పడినా మన ఊళ్లలో రూపాయి పతనాన్ని చెడ్డ వార్తగా చెప్పుకోవడం తక్కువే. గుంటూరు మిర్చి యార్డు నుంచి సరుకు బయటి దేశాలకు పోతుంది, పొగాకు బోర్డు ఆఫీసు ఉన్నదీ ఈ ఊళ్లోనే. ఎగుమతి చేసేవాడికి రూపాయి తగ్గితే గిట్టుబాటు. అమెరికాలో కొడుకున్న ఇంటికి ఇంకా గిట్టుబాటు. విజయవాడ పటమటలో ఫ్లాటు, మొగల్రాజపురంలో ఫ్లాటు రూపాయి పడినప్పుడల్లా డాలర్లలో చవకవుతాయి. రేటు పెరిగిందంటే ఇంటికి డబ్బు పంపే రోజని అర్థం. అంతా లోపలికి వచ్చే డాలరు కళ్లతో చూసిన లెక్కే.

2000 తర్వాత చిత్రం మారింది. సాఫ్ట్‌వేర్ పిల్లలు వెళ్లారు. మొదట్లో అమ్మానాన్నలు కోడలి పురుడికో, కూతురి పురుడికో ఆరు నెలలు వెళ్లి వచ్చేవారు. టికెట్టు పిల్లలదే, ఖర్చూ పిల్లలదే, పెన్షన్ ఊళ్లో బ్యాంకులో పోగయ్యేది. పిల్లలు పౌరసత్వం తీసుకున్నాక తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తేలికైంది. వయసు మీద పడ్డాక ఒంటరిగా ఎందుకని వెళ్లి అక్కడే ఉండిపోయినవారు ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. సరే, వాళ్ల సంపాదన ఎక్కడుంది? ఇక్కడ. ఖర్చు? అక్కడ.

ప్రభుత్వ పెన్షన్‌కు ఒక కవచం ఉంది, కరవు భత్యం. ధరలు పెరిగితే అదీ పెరుగుతుంది. ఏ ధరలు? మన దేశంలోని కార్మిక కుటుంబాలు కొనే బియ్యం, పప్పు, ఇంటద్దె. దాన్ని కట్టింది ఆ ధరల సూచీకే. డాలస్‌లో గోంగూర కట్ట ధరను అది చూడదు, డాలరు రేటునూ చూడదు. పెన్షనర్ తన ట్రెజరీ ఉన్న జిల్లాలోనే ముసలైపోతాడన్న నమ్మకం మీద నిలబడ్డ ఏర్పాటు అది. తప్పు పట్టలేం, పెట్టినప్పుడు నిజమే కదా.

పెదనాన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆయన అంకె 450 నుంచి 533కు ఎక్కిందంటే కరవు భత్యంతో పాటు రెండు పీఆర్సీల (జీతాలు, పెన్షన్లు సవరించే వేతన సంఘాల) పుణ్యం. 2015లో 43 శాతం, 2022లో 23 శాతం ఫిట్‌మెంట్ వచ్చాయి. కానీ ఈ పదకొండేళ్లలో అమెరికాలోనూ ధరలు మూడో వంతుకు పైగా పెరిగాయి. 2014 నాటి 450 డాలర్లకు వచ్చిన సరుకులు ఇప్పుడు రావాలంటే 600 దాటాలి. పీఆర్సీ వచ్చిన ఏడు డైరీలో అంకె ఎగురుతుంది, మళ్లీ పీఆర్సీ దాకా కరుగుతూ ఉంటుంది.

ఆయన నయం. ఆర్టీసీ నుంచి, ప్రైవేటు కంపెనీల నుంచి రిటైరైనవాళ్లకు ప్రావిడెంట్ ఫండు సంస్థ ఇచ్చే ఈపీఎస్-95 పెన్షన్. దానికి కరవు భత్యమే లేదు. 2014 సెప్టెంబరు దాకా మహా అయితే 6,500 జీతాన్నే లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి, అప్పటికే రిటైరైనవాళ్లకు జీవితమంతా పనిచేసినా నెలకు మూడు వేలు దాటడం కష్టం. డాలరు 60 ఉన్నప్పుడు మూడు వేలంటే 50 డాలర్లు, 90 అయితే 33. ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర మొత్తం కట్టేసి జీవితాంతం ఒకే అంకె తీసుకునేవాళ్లదీ అదే కథ.

అసలు టెన్షన్ వైద్యం దగ్గర. 1996లో అమెరికా చట్టం మార్చి, వలస వచ్చిన వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే నగదు సాయాన్ని బాగా కత్తిరించింది. 65 దాటి, గ్రీన్ కార్డుతో అయిదేళ్లు వరుసగా ఉన్నాక మెడికేర్‌ను, అంటే అక్కడి ప్రభుత్వం వృద్ధులకు నడిపే ఆరోగ్య బీమాను, డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. అక్కడ ఎప్పుడూ ఉద్యోగం చేయనివారికి 2025లో ఆసుపత్రి భాగానికి నెలకు 518 డాలర్లు, డాక్టరు భాగానికి 185. కలిపి 703. ఇది ఒక్క మనిషికి. డాలరు 60 అయితే 42 వేల చిల్లర, 90 అయితే 63 వేల చిల్లర. హెడ్మాస్టరు పెన్షన్ మొత్తం పోసినా ఒకరికి నిండదు, పెద్దమ్మ సంగతి తర్వాత.

డబ్బు పంపుకోవడానికి అడ్డేమీ లేదు, నిజానికి. పెన్షన్ లాంటి ఆదాయాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకులో ఉండే రూపాయి ఖాతా) నుంచి పన్ను కట్టి పంపుకోవచ్చు. ఇల్లో పొలమో అమ్మిన డబ్బయితే ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా. 1966 కుర్రాడికి 8 డాలర్లిచ్చిన దేశమేనా ఇది అనిపిస్తుంది. కాకపోతే టీవీలో తిరిగే రేటు మనది కాదు. బ్యాంకు అమ్మే రేటు దానికంటే ఎక్కువ ఉంటుంది, పైన చార్జీలు, ఫారాలు, ఆడిటరు ఫీజు.

రూపాయి పడుతుందని ముందే పొలం అమ్మి డాలర్లు చేసుకోవాల్సింది అనేవాళ్లూ ఉన్నారు. 2014లో అలా చేసినవాళ్లు ఇప్పుడు తెలివైనవాళ్లలా కనిపిస్తారు. అదే ఏడాది రాజధాని వార్తతో ఈ చుట్టుపక్కల భూమి ధర ఎంత ఎగిరిందో చూసినవాళ్లు ఆ మాట అనరు.

మా అన్నయ్య వాళ్ల నాన్నతో డబ్బు సంగతి ఎత్తడు. ఎత్తితే ఆయన నొచ్చుకుంటారు. అతను గుంటూరుకు డాలర్లు పంపే రోజుల్లో రేటు పెరిగిందని ఫోన్ చేసి సంబరపడింది పెదనాన్నే. ఇప్పుడు ఒకే ఇంట్లో ఒకరి జీతం, ఇంకొకరి పెన్షన్ ఎదురెదురుగా నడుస్తున్నాయి.

పోయిన సంక్రాంతి నుంచి ఆయన పెన్షన్‌ను డాలర్లు చేయడం మానేశారు. డబ్బు గుంటూరు ఖాతాలోనే ఉంటుంది. బ్రాడీపేట ఇంటి పన్ను, కరెంటు బిల్లు, బాబాయి షుగరు మందులు, ఊళ్లో పెళ్లిళ్లకు చదివింపులు అందులోంచే పోతాయి. 500 నోటు ఇక్కడ 500 నోటే. డైరీలో ఎడమవైపు పెన్షన్ రాస్తున్నారు, కుడివైపు గడి ఖాళీ. మధ్యలో డాలరు రేటు మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నారట, పెద్దమ్మ చెప్పింది.