కుక్కకు పచ్చి మాంసం: రాయగడ చికెన్ షాపు దాకా వచ్చిన పాత తగాదా

ఆదివారం పొద్దున్న మా ఒడిశా రాయగడలో ఏ చికెన్ షాపు ముందు నిలబడినా కొట్టే మొద్దు కింద నాలుగు ఊరకుక్కలు కనిపిస్తాయి. కత్తి పైకి లేచినప్పుడల్లా వాటి తలలూ లేస్తాయి, తోలు ముక్కో పేగు ముక్కో ఎప్పుడు జారుతుందా అని. ఈమధ్య ఆ లైన్లో మా వీధి కుర్రాడు కూడా నిలబడుతున్నాడు. మెడలు కేజీ, కాళ్లు కేజీ, కందనకాయలు పావు కేజీ, అన్నీ వాళ్ల జర్మన్ షెపర్డ్‌కే. "ఉడకబెట్టకుండానే పెట్టేస్తావా బాబూ?" అని షాపతను అడిగితే "అదే న్యాచురల్ అన్నా, రా డైట్ అంటారు" అన్నాడు. షాపతను ఓసారి మొద్దు కిందకి చూసి మళ్లీ కొట్టుకోవడం మొదలెట్టాడు. అవి రోజూ తింటున్నది అదేగా మరి!

ఈ రా డైట్ గొడవ మనదాకా యూట్యూబ్‌లో వచ్చింది గానీ, దీని వెనక నూట అరవై ఏళ్ల కథ ఉంది. అది మాంసంతో కాదు, బిస్కెట్‌తో మొదలైంది.

1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ పిడుగుల నుంచి కాపాడే కడ్డీలు అమ్ముకుందామని ఇంగ్లండ్ వెళ్లాడు. అక్కడి రేవులో ఓడవాళ్లు పారేసిన గట్టి బిస్కెట్లను కుక్కలు ఎగబడి తినడం చూసి, గోధుమపిండి, కూరగాయలు, ఎండు మాంసం కలిపి కుక్కల కోసమే బిస్కెట్ తయారు చేశాడు. కుక్క తిండిని డబ్బు పెట్టి కొనడం ఒక వ్యాపారంగా నిలబడింది అక్కడి నుంచే అనుకోవచ్చు. ఆ కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ పేరుతోనే 1891 నుంచి క్రఫ్ట్స్ డాగ్ షో నడుస్తోంది. తర్వాత కార్లు, ట్రాక్టర్లు వచ్చి గుర్రాలకు పని లేకుండా పోయాక, 1922లో అమెరికాలో గుర్రం మాంసం డబ్బాల్లో పెట్టి కుక్కలకు అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో రేకుకు కరువొచ్చి డబ్బాల జోరు తగ్గింది, పొడి తిండి పెరిగింది. 1950ల్లో, టిఫిన్‌కి తినే సీరియల్స్ చేసే మెషీన్లతోనే ఇప్పుడు మనం చూసే గోలీల్లాంటి తిండి తయారైంది. మన పెడిగ్రీ ప్యాకెట్ కూడా ఆ వంశంలోదే.

దీనికి ఎదురుదెబ్బ 1993లో వచ్చింది. ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు 'గివ్ యువర్ డాగ్ ఎ బోన్' అనే పుస్తకం రాసి, కుక్క తోడేలు జాతిది కాబట్టి ఎక్కువగా పచ్చి ఎముకలూ మాంసమే పెట్టాలి, ప్యాకెట్ తిండి వల్లే రోగాలు వస్తున్నాయి అన్నాడు. ఈ పద్ధతికి తర్వాత జనంలో నిలిచిన పేరు బార్ఫ్ (ఎముకలు, పచ్చి తిండి అనే అర్థంలో ఇంగ్లీషు పొట్టి పేరు). పరుగు పందేల గ్రేహౌండ్లకు, మంచుబండ్లు లాగే కుక్కలకు పచ్చి మాంసం అంతకుముందూ పెట్టేవాళ్లే, కానీ ఇంట్లో సోఫా మీద పడుకునే కుక్కకు అదొక సిద్ధాంతం అయింది మాత్రం అప్పుడే. 2007లో చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో (గోధుమ ప్రోటీన్ పొడి) ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమైన్ కలిసి అమెరికాలో కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. ఆ దెబ్బకి ప్యాకెట్ మీద నమ్మకం పోయిన చాలామంది పచ్చి మాంసం వైపు వెళ్లారు. వాళ్లని తప్పుపట్టలేం. 2012లో అమెరికా పశువైద్యుల సంఘం సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవుల భయం చూపించి పచ్చి మాంసం వద్దంది, అప్పటినుంచి రెండు వర్గాలూ కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఇందులో మన కుక్క ఎక్కడుంది? ఎక్కడా లేదు. మా అమ్మమ్మ వాళ్లింట్లో కుక్క నూకల జావ తాగేది, చద్దన్నం తినేది, చోడి (రాగి) అంబలి మిగిలితే అదీ తాగేది (పక్కింటి ఒడియావాళ్ల కుక్క మాండియా జావు తాగేది, రెండూ ఒకటే). పండగకి ఎముకలు. రోమన్ల కాలంలోనే వ్యవసాయం మీద రాసిన కొలుమెల్లా పశువుల కాపరి కుక్కలకు బార్లీ పిండి, విరిగిన పాల నీళ్లు పెట్టమన్నాడు, అంటే అంబలే కదా. 2013లో స్వీడన్ పరిశోధకులు పిండి పదార్థం అరిగించే ఎంజైమ్ జన్యువు తోడేలులో రెండు కాపీలే ఉంటే కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని తేల్చారు. మనిషి అన్నం తిని తిని కుక్క ఒళ్లే మారింది. కాబట్టి "కుక్క అంటే తోడేలే" అన్న మాట దగ్గరే నాకు అనుమానం.

అలాగని అంబలి ఒక్కటే చాలు అనీ కాదు. 1918, 19ల్లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ లండన్‌లో కుక్కపిల్లలకి ఓట్స్ జావ లాంటి తిండి పెట్టి, ఎండ తగలకుండా గదిలో ఉంచితే వాటికి ఎముకలు మెత్తబడి వంగిపోయే రికెట్స్ వచ్చింది, కాడ్ లివర్ ఆయిల్ పడితే తగ్గింది. విటమిన్ డి కథలో అదొక మలుపు. మరి ఒట్టి మాంసం పెడితే? దానికి నా దగ్గర దగ్గరి సాక్ష్యమే ఉంది. పోయినేడు మా ఆఫీసులో ఒకాయన లాబ్రడార్ పిల్లని తెచ్చాడు. ముద్దు ఎక్కువై పచ్చి బోన్‌లెస్ చికెన్ తప్ప ఇంకేం పెట్టలేదు, ఎముక గొంతుకి అడ్డం పడుతుందని టెన్షన్. నాలుగో నెలకి ముందుకాళ్లు విల్లులా వంగిపోయాయి, మెట్టు ఎక్కమంటే కుయ్యోమంటుంది. విజయనగరం వైపు ఒక డాక్టరుకి చూపిస్తే ఎక్స్‌రే తీసి, "ఎముకల్లో సున్నం లేదండీ, మాంసం మానేయమనను, కాల్షియం ఏదీ?" అని అడిగాడట.

విషయం ఏంటంటే, ఒట్టి మాంసంలో ఫాస్ఫరస్ కాల్షియం కన్నా పదిహేను, ఇరవై రెట్లు ఎక్కువ ఉంటుంది. ఎదిగే పిల్లకి కావలసింది కాల్షియమే కాస్త ఎక్కువగా. అది తిండిలో దొరక్కపోతే ఒళ్లు సొంత ఎముకల్లోంచే లాగి రక్తంలోకి పంపిస్తుంది. 1889లో లండన్ జూలో సింహం పిల్లలకి అచ్చం ఇలాగే అయింది. డాక్టర్ బ్లాండ్ సట్టన్ వాటి తిండిలో నలగ్గొట్టిన ఎముకలు, కాడ్ లివర్ ఆయిల్ కలపమన్నాడు, పిల్లలు కోలుకున్నాయి. మా ఆఫీసాయన లాబ్రడార్ కూడా కోలుకుంది గానీ ఒక కాలు ఇప్పటికీ కొంచెం వంకరే.

ఇప్పుడు అసలు సంగతి. రా డైట్ వీడియోల్లో నూటికి 80, 10, 10 అంటారు: మాంసం, ఎముక, అవయవాలు. మాంసం, ఎముక సరే. మన దగ్గర తంటా ఆ మూడో దానితో, అంటే కార్జం, కిడ్నీల లాంటి వాటితో. మేక, గొర్రె, గేదె కార్జంలో ఒక్కోసారి నీళ్లు నిండిన తెల్ల బుడగలు కనిపిస్తాయి. వాటిని హైడటిడ్ సిస్టులు అంటారు. వాటిని కుక్క పచ్చిగా తింటే దాని పేగులో చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి, వాటి గుడ్లు కుక్క పెంటతో బయటికొచ్చి, మన చేతికీ నీళ్లకీ ఆకుకూరకీ అంటుకుని మన కడుపులోకి పోతాయి. తర్వాత మన కార్జంలో అదే బుడగ ఏళ్ల తరబడి పెరుగుతుంది. కుక్క మాత్రం హుషారుగానే ఉంటుంది!

ఐస్‌లాండ్‌లో గొర్రెలూ కుక్కలూ ఎక్కువ, ఈ జబ్బూ ఎక్కువే. 1860ల్లో హరాల్డ్ క్రాబె అనే డెన్మార్క్ పరిశోధకుడు అక్కడికి వెళ్లి, కుక్కలకి అవయవాలు పెట్టొద్దని జనానికి చెప్పాడు. 1924లో రేక్యావిక్ ఊళ్లో కుక్కల్ని పెంచడమే నిషేధించారు, 1984 దాకా అదే రూలు. న్యూజిలాండ్ 1959లో దీని కోసమే చట్టం చేసింది, 2002లో గానీ జబ్బు దాదాపు పోయిందని ప్రకటించుకోలేకపోయింది. పచ్చి తిండి గురించి గొప్పగా మాట్లాడే దేశాలు అవయవాల విషయంలో ఇంత కష్టపడి వచ్చాయి. ఆ పనేదీ జరగకుండానే మనం వాళ్ల ఫార్ములా మాత్రం తెచ్చుకున్నాం. అక్కడివాళ్లు కొనేది వెటర్నరీ తనిఖీ అయిన కబేళా నుంచి వచ్చి గడ్డకట్టిన ప్యాకెట్టు. మనం కొనేది రోడ్డు పక్క తెగిన మేకది.

కొరాపుట్ వైపు ఇంకో భయం ఉంది, దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్. చచ్చిన పశువు మాంసం తిని, కోసి మనుషులకి అంటుకున్న కేసులు అక్కడ ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. కుక్క దీన్ని చాలావరకు తట్టుకుంటుంది, కానీ కళేబరాన్ని ఈడ్చుకొస్తే మట్టిలో పడ్డ ఆ జబ్బు బీజాలు దశాబ్దాలు బతుకుతాయి. చౌకగా దొరికిందని ఎక్కడి మాంసమో కుక్కకి తెచ్చేవాళ్లు ఇది కాస్త గుర్తుపెట్టుకోవాలి.

ఫ్రీజర్‌లో పెడతాంగా అంటారు. గట్టిగా గడ్డకట్టి కొన్ని రోజులుంటే పరాన్నజీవులు కొన్ని చస్తాయి, సాల్మొనెల్లా చావదు. ఎండాకాలం మా వీధిలో మూడు గంటలు కరెంటు పోతే ఫ్రీజర్లో మంచు కారి వంటింట్లోకి వస్తుంది. నేనైతే మెడలు ఒక ఉడుకు ఉడకనిచ్చి, ఎముకలు తీసేసి (ఉడికిన ఎముక పుల్లల్లా చీలి పేగుకి గుచ్చుకుంటుంది), అన్నంలో కలిపి, డాక్టరు చెప్పిన కాల్షియం వేసి పెడతా. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర రసం మాత్రం వద్దు, అవి కుక్కకి విషమే.

పోయిన వారం చికెన్ షాపు పక్కనే ఉన్న మేక మాంసం కొట్లో నిలబడ్డా. అతను కార్జం చీల్చి చూసి, ఓ మూల తెల్ల బుడగ కనిపిస్తే ఆ ముక్క వరకు కోసి పక్కన పెట్టాడు. నాకు అమ్మలేదు, మంచివాడే. "అదేం చేస్తావ్?" అని అడిగా. "ఏం చేస్తాం బాబూ, వాటికే" అని కత్తి మొనతో కిందకి చూపించాడు. మొద్దు కింద నాలుగూ తలెత్తాయి.