రెండు గాలి బోట్లలో ఏది కొనాలి? అపోహలు - వాస్తవాలు

చెరువులు మత్తడి దుంకే కాలం దగ్గర పడితే చాలు, నా ఫోన్‌కు బోట్ల ఫొటోలు రావడం మొదలవుతుంది. మత్స్య సహకార సంఘాల వాళ్లు, ఏటూరునాగారం, మంగపేట వైపు గోదావరి ఒడ్డు ఊళ్ల యువకులు, అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఈ రెండిట్ల ఏది తీసుకోవాలె?" ఫొటోలో 2.7 మీటర్ల పొడవుది ఒకటి, 3.3 మీటర్ల పొడవుది ఒకటి. వరంగల్‌లో అవుట్‌బోర్డ్ మోటార్లు (బోటు వెనక బయట బిగించేవి), గాలి బోట్లు (గాలి కొట్టి ఉబ్బించేవి) బాగుచేయడమే నా పని కాబట్టి అడుగుతారు. అడగడం మంచిదే. దాంతోపాటు ఎక్కడో విన్న మాటలు కూడా చెబుతారు చూడండి, వాటితోనే నాకు కోపం వస్తుంది.

అపోహ: "చిన్నదాని మీద కూడా నలుగురు అని రాసి ఉంది. ధర తక్కువ. అదే చాలు."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. బోటు మీద కంపెనీ అంటించిన ప్లేటులో మనుషుల సంఖ్య ఉంటుంది. దాన్ని బస్సులో సీట్ల లెక్కలాగా చదువుతున్నారు. మనిషికి సుమారు 75 కిలోల చొప్పున వేసుకుని, ఇంత బరువు మోయగలదు అని చెప్పే అంకె అది. నలుగురు కూర్చుని వల లాగొచ్చని దాని అర్థం కాదు.

షాపుకు వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. 2.7 మీటర్ల బోటు బయటి వెడల్పు ఒకటిన్నర మీటర్లు దాటి ఉండొచ్చు. రెండు పక్కలా ట్యూబులు చెరో 40 సెంటీమీటర్లు తినేస్తాయి. లోపల మిగిలేది 75 సెంటీమీటర్లు. ముందు ముక్కు, వెనక మోటారు బిగించే ట్రాన్సమ్ పోను లోపలి పొడవు 1.8 మీటర్ల దగ్గర ఆగుతుంది. అంటే ఒక మనిషి పడుకునే నవారు మంచమంత చోటు. అందులోనే పెట్రోల్ ట్యాంకు, తెడ్లు, లంగరు, తడి వల, నలుగురి కాళ్లు. 3.3 మీటర్లదానిలో వెడల్పు పెద్దగా పెరగదు, పొడవు అరమీటరు పెరుగుతుంది. మోకాళ్లు ముడుచుకోకుండా ఇంకొకరు కూర్చోవడానికి ఆ అరమీటరే ఆధారం.

మనుషుల సంఖ్య పక్కనే కిలోల లెక్క ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. కొన్ని ప్లేట్లలో మోటారు బరువు అందులోనే కలిసి ఉంటుంది, కొన్నిట్లో విడిగా ఉంటుంది. అడిగి తెలుసుకోండి. 10 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ మోటారే 40 కిలోల దాకా తూగుతుంది.

ఒక చెరువు దగ్గర నా కళ్లముందే జరిగింది చెబుతాను. 2.7 మీటర్ల బోటులో నలుగురు ఎక్కారు, ఇద్దరు వెనకే కూర్చున్నారు. కట్ట దగ్గరికి వస్తూ మోటారు పట్టుకున్న తమ్ముడు యాక్సిలరేటర్ ఒక్కసారిగా తగ్గించాడు. బోటు ఆగింది కానీ, దాని వెనక వస్తున్న అల ఆగలేదు. అది ట్రాన్సమ్ మీదుగా లోపలికి వచ్చి పడింది. మోకాలి లోతు నీళ్లలో ఉన్నారు కాబట్టి దిగి నెట్టుకొచ్చారు. చెరువు నడుమ అయితే నలుగురూ భయంతో ఒకే పక్కకు లేచేవాళ్లు.

కాబట్టి ఎప్పుడూ ఇద్దరే వెళ్లి వల వేసుకునేటట్లయితే 2.7 మీటర్లది హాయిగా తీసుకోండి. ఇద్దరే కట్ట ఎక్కించి దించగలరు. ముగ్గురు వెళ్తే 3.3 మీటర్లది. రోజూ నలుగురు, పైగా సామాను అంటే ఈ రెండూ మీకు పనికిరావు, ఇంకా పెద్దది చూడాల్సిందే.

అపోహ: "చిన్న బోటుకే పెద్ద మోటారు వేస్తే వరదలో కూడా పోవచ్చు."

2023 జూలైలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచినప్పుడు, జంపన్నవాగు కొండాయి మీద పడినప్పుడు మనమంతా చూశాం. ఆ తర్వాత ఊరికో బోటు ఉండాలనుకోవడం న్యాయమే. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ బరువుతో నిండిన 2.7 మీటర్ల బోటు నీటిపైకి లేవలేక, నీళ్లను కోసుకుంటూ గంటకు సుమారు 7 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పొంగిన వాగు అంతకంటే వేగంగా రావచ్చు. అప్పుడు మోటారు ఎంత అరిచినా బోటు వెనక్కే పోతుంది.

ప్లేటు మీద రాసినదానికంటే పెద్ద మోటారు బిగిస్తే ట్రాన్సమ్ అతుకులు ఊడతాయి. ఒక్కడే వెనక కూర్చుని యాక్సిలరేటర్ ఇస్తే ముక్కు గాల్లోకి లేస్తుంది, దాని కిందికి ఈదురుగాలి దూరితే బోటు వెల్లకిలా పడుతుంది. వాగులో నీళ్ల కింద ముళ్లకంచెలు, తెగిన కరెంటు తీగలు ఉంటాయి. పారే వరదలోకి పోయే పని ఎస్‌డీఆర్‌ఎఫ్, ఎన్‌డీఆర్‌ఎఫ్ విపత్తు సహాయ బృందాలకు వదిలేయండి. ఊరి బోటు నిలిచిన నీళ్లలో మందులు, పాలు చేర్చడానికి, ముసలివాళ్లను తేవడానికి పనికొస్తుంది. అది తక్కువ పనేం కాదు. ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్, నడిపేవాడి చేతికి కిల్ స్విచ్ తాడు (అతను పడిపోతే మోటారును ఆపేసేది) తప్పనిసరి. ఈత వచ్చినా సరే.

అపోహ: "తుమ్మముల్లు గుచ్చుకుంటే పేలిపోతుంది."

ఇంట్లోవాళ్లు ఈ టెన్షన్‌తోనే మగవాళ్లను బోటు ఎక్కనివ్వరు. వాళ్లకు నిదానంగా చెప్పండి. గాలి ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. బైకు టైరులో అది సుమారు 2 బార్లు, బోటు ట్యూబులో పావు బారే. పైగా ట్యూబులు వేర్వేరు గదులుగా ఉంటాయి. ఒకదానికి ముల్లు దిగితే బుస్సుమని మెల్లగా దిగుతుంది, మిగతా గదుల మీద తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు రావచ్చు. అసలు భయపడాల్సింది ఎండకు. పొద్దున 25 డిగ్రీల్లో పావు బారు కొట్టి కట్ట మీద వదిలేస్తే, మధ్యాహ్నం ట్యూబు 50 డిగ్రీలకు వేడెక్కేసరికి అది 0.35 బార్లు అవుతుంది. అతుకులు విచ్చుకునేది అక్కడే. నీడలో పెట్టండి, లేదా కొంత గాలి వదలండి. నీళ్లలో దించాక మెత్తబడితే మళ్లీ కొట్టుకోవచ్చు.

మిగతావి గబగబా చెబుతాను. పీవీసీ కంటే హైపలాన్ రకం గుడ్డ ఎండకు బాగా ఆగుతుంది, ధరా ఎక్కువే. పీవీసీ కొంటే కప్పడానికి కవరు కూడా కొనండి. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ పీవీసీకి పట్టదు, దాని గమ్ము వేరే ఉంటుంది. మోటారు షాఫ్ట్ (ప్రొపెల్లర్ దాకా కిందికి దిగే కాలు) 15 అంగుళాలదా, 20 అంగుళాలదా అన్నది ట్రాన్సమ్ ఎత్తు కొలిచాకే షాపువాళ్లకు చెప్పండి. గుర్రపుడెక్క ఉన్న చెరువులో ప్రొపెల్లరే కాదు, మోటారు చల్లబడేందుకు నీళ్లు పీల్చే రంధ్రాలు కూడా మూసుకుపోతాయి. వెనక నుంచి సన్నటి నీటి ధార రావడం ఆగిందంటే వెంటనే మోటారు ఆపండి. పాకాల లాంటి అభయారణ్యం చెరువుల్లో అటవీశాఖను అడగకుండా మోటారు దించకండి.

ఇక ఏడాదికోసారి తీసే బోట్ల సంగతి. పంచాయతీ గదిలో మడతపెట్టి పడేసిన బోటును జూలైలో విప్పితే మడతల్లో ఎలుకలు కొరికిన రంధ్రాలు, కార్బురేటర్‌లో ఎండిపోయిన పెట్రోలు జిగురు. ఇలాంటివి నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. దాచేముందు పెట్రోల్ పైపు తీసేసి, మోటారును నీళ్లలో ఉంచే అది ఆగేదాకా నడపండి. బోటును నేల మీద కాకుండా దూలానికి వేలాడదీయండి. మే నెలలో ఒకసారి గాలి కొట్టి రాత్రంతా నీడలో ఉంచి చూడండి. తెల్లారేసరికి బాగా మెత్తబడితే సబ్బునీళ్లతో రంధ్రం పట్టుకుని, వానలు పడకముందే ప్యాచ్ వేయించండి.