అపోహలు - వాస్తవాలు: ఐకాన్ మారినంత మాత్రాన ఫైలు పోదు

గత నెలలో ఒక పరిశోధక విద్యార్థిని ల్యాప్‌టాప్ పట్టుకుని మా కంప్యూటర్ దుకాణానికి వచ్చింది. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ఆమెకు ఇంకా పదకొండు రోజులే గడువు ఉంది. "సార్, వర్డ్ ఫైళ్లన్నీ తెల్లకాగితాలైపోయాయి, నాలుగేళ్ల పని పోయింది" అని చెబుతూ కన్నీళ్లు పెట్టుకుంది. చూస్తే, ఐదు అధ్యాయాల ఫైళ్ల మీదా నీలం రంగు డబ్ల్యూ ఉండవలసిన చోట, మూల మడిచిన తెల్లకాగితం బొమ్మ ఉంది. పేర్లు అలాగే ఉన్నాయి, తేదీలు అలాగే ఉన్నాయి, సైజులు కూడా మారలేదు. వాటిని నా కంప్యూటర్‌లోకి కాపీ చేసి తెరిస్తే, మూడో అధ్యాయంలోని పాదసూచికలతో సహా అంతా భద్రంగా ఉంది. జరిగింది ఇంతే: ఆమె తమ్ముడు డిస్కులో ఖాళీ చేయడానికి ఆఫీస్ ప్యాకేజీని అన్‌ఇన్‌స్టాల్ చేశాడు.

ఆమె అంతకుముందు మరొకచోట చూపిస్తే, వైరస్ పట్టిందని, మొత్తం ఫార్మాట్ చేయాలని, అంటే డిస్కును తుడిచివేయాలని చెప్పారట. డబ్బు చాలక ఆమె వెనక్కి వచ్చింది కాబట్టి ఆ గ్రంథం బతికింది. ఆ మాట నమ్మి నష్టపోయినవారిని నేను చూశాను. పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు తన స్వీయచరిత్రను రెండేళ్లపాటు టైపు చేసుకుని డెస్క్‌టాప్ మీదే ఉంచుకున్నారు. ఒకరోజు ఐకాన్లు మారిపోయాయి. ఎవరో సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా వేసి, నీలం డబ్ల్యూ తిరిగి వచ్చిందని చూపించారు. ఐకాన్ వచ్చింది కానీ పుస్తకం పోయింది. డెస్క్‌టాప్ మీద ఉన్నవన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయన్న సంగతి ఆయనకు తెలియదు, తెలిసి ఉండవలసినవారు చెప్పలేదు. నా దగ్గరకు వచ్చేసరికి ఆ డిస్కు మీద కొత్త విండోస్, దాని అప్‌డేట్లు రాసేసి ఉన్నాయి. రికవరీలో దొరికినవి కొన్ని తునకలే. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అపోహ: ఐకాన్ మారిందంటే ఫైలు లోపల పాడైంది.

వాస్తవం: విండోస్ ఈ బొమ్మను ఫైలు లోపల ఏముందో చూసి వేయదు. పేరు చివర చుక్క తరువాత ఉండే ఎక్స్‌టెన్షన్‌ను చూస్తుంది, ఆ రకం ఫైళ్లను ఏ ప్రోగ్రాముతో తెరవాలని తన రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు రాసుకునే పట్టికలో) రాసి ఉందో చూస్తుంది, ఆ ప్రోగ్రాముకు చెందిన బొమ్మను తగిలిస్తుంది. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్యాకేజీని వేసుకుంటూ వర్డ్ ఫైళ్లను కూడా అదే తెరవాలని టిక్కు పెట్టినవారికి ఐకాన్ దానిది వస్తుంది. పొరపాటున నోట్‌ప్యాడ్‌ను ఎంచుకున్నవారికి నోట్‌ప్యాడ్ బొమ్మ వస్తుంది, ఫైలు తెరిస్తే అర్థం కాని చెత్త అక్షరాలు కనిపిస్తాయి. ఆ స్థితిలో సేవ్ చేయకుండా మూసివేస్తే ఏ నష్టమూ ఉండదు. తెరవడానికి ఏ ప్రోగ్రామూ లేకపోతే తెల్లకాగితం వస్తుంది. ఇంట్లో అద్దెకున్నవారు మారి గుమ్మం మీది బోర్డు మారినంత మాత్రాన గోడలు కూలవు కదా.

సరిచేయడం కష్టం కాదు. వర్డ్ ఉన్న కంప్యూటర్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో చూజ్ అనదర్ యాప్ ద్వారా వర్డ్‌ను ఎంచుకుని, ఎప్పుడూ దీనితోనే తెరవాలని నిర్ధారిస్తే చాలు. వర్డ్ ఉండి, ఫైలు సవ్యంగా తెరుచుకుంటున్నా బొమ్మ మాత్రం తెల్లగా ఉంటే, విండోస్ దాచుకునే ఐకాన్ క్యాష్ (ఐకాన్ బొమ్మల నిల్వ) చెడి ఉండవచ్చు. రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది, లేదంటే ఆ క్యాష్‌ను తొలగించి మళ్లీ కట్టించాలి.

ఎక్కువ నష్టం ఈ మధ్యలో చేసే సొంత వైద్యంతోనే జరుగుతుంది. కంగారులో ఫైలు పేరు చివర మార్చి పీడీఎఫ్ అని రాస్తారు. పేరు మార్చితే ఫైలు పీడీఎఫ్ అయిపోదు, తెరవవలసిన ప్రోగ్రాము తప్పుదారి పడుతుంది, అంతే. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లను దాచి ఉంచుతుంది కనుక, ముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టి, ఆ తరువాతే ఏదైనా చేయాలి. అప్పటికీ అనుమానం తీరనివారి కోసం నేను చేసే పరీక్ష ఒకటుంది. వర్డ్ 2007తో వచ్చిన డాక్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లం, అంటే కొన్ని ఫైళ్లను కుదించి కట్టిన మూట. ఫైలుకు కాపీ తీసి, ఆ కాపీ చివర జిప్ అని మార్చి తెరిస్తే, లోపల వర్డ్ అనే ఫోల్డరు, అందులో డాక్యుమెంట్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు కనిపిస్తాయి. మీ ప్రధాన పాఠంలోని వాక్యాలన్నీ అందులోనే ఉంటాయి. ఆ విద్యార్థినికి కూడా ముందు ఇదే చూపించాను. తన వాక్యాలు కళ్లారా చూసుకున్నాకే ఆమె కుర్చీలో కూర్చుంది.

ఐకాన్ మార్పును తీవ్రంగా తీసుకోవలసిన సందర్భం ఒకటి ఉంది. అన్ని ఫైళ్ల పేర్ల చివర మీరు ఎన్నడూ చూడని అక్షరాలు కొత్తగా చేరి, ప్రతి ఫోల్డరులోనూ డబ్బు అడిగే ఉత్తరం కనిపిస్తే, అది ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్. అప్పుడు వెంటనే ఇంటర్నెట్ తీసివేసి, ఏ పెన్‌డ్రైవూ పెట్టకుండా తెలిసినవారికి చూపించాలి. పేరు చివర డాక్ లేదా డాక్‌ఎక్స్ మాత్రమే ఉండి, సైజు మారకపోతే ఆ భయం చాలావరకు అక్కర్లేదు.

తరువాతిది బాణం గుర్తు. ఐకాన్ ఎడమ మూలన చిన్న బాణం ఉంటే అది ఫైలు కాదు, ఫైలు ఉన్న చోటికి దారి చూపే షార్ట్‌కట్. సైజు సాధారణంగా ఒకటి రెండు కేబీలే ఉంటుంది. మా ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఒకాయన, పార్టీలు వచ్చి కూర్చున్నాక, దస్తావేజు నకలు అనుకుని షార్ట్‌కట్‌ను పెన్‌డ్రైవులో వేసుకుని ప్రింటుకు వచ్చారు. అసలు ఫైలు ఇంట్లో ఉంది, ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. పెన్‌డ్రైవులోని ఫోల్డర్లన్నీ ఒక్కసారిగా బాణాలుగా మారితే మాత్రం అది వైరస్ పనే. అప్పుడు కూడా ఆ డ్రైవును ఫార్మాట్ చేయకండి, ఆ బాణాల మీద నొక్కకండి. అసలు ఫోల్డర్లు చాలావరకు అందులోనే దాగి ఉంటాయి. దాచిన ఫైళ్లను, సిస్టమ్ ఫైళ్లను చూపే అమరిక పెట్టగానే పాలిపోయిన రంగులో కనిపిస్తాయి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పేరాల చివర ¶ గుర్తులు వచ్చాయంటే ఫైలు పాడైనట్టు కాదు; కంట్రోల్, షిఫ్ట్, 8 మీటలు కలిపి నొక్కితే మాయమవుతాయి, అవి ప్రింటులో రావు. కింది పట్టీలో పుస్తకం మీద గుణకారపు గుర్తు ఉంటే వర్డ్‌కు స్పెల్లింగ్ అనుమానాలు ఉన్నాయని మాత్రమే అర్థం. తెలుగు పాఠానికి ప్రూఫింగ్ భాష (స్పెల్లింగ్ సరిచూసే భాష) ఇంగ్లీషుగా ఉన్నా అది వస్తుంది. వర్డ్ ఐకాన్ మీద ఆశ్చర్యార్థకం ఉంటే అందులో మాక్రోలు, అంటే ఫైలులో ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. తెలియనివారు పంపినదైతే తెరవవద్దు. పేరు ముందు ~$ ఉన్న చిన్న ఫైలు, అసలు ఫైలు తెరిచి ఉందని వర్డ్ పెట్టుకునే గుర్తు. వర్డ్ మూసివేశాక కూడా మిగిలిపోతే తీసివేయవచ్చు.

చివరిగా, ఫైళ్లను ఇంటర్నెట్‌లో (క్లౌడ్‌లో) దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లోని నీలం మేఘం గుర్తు. "ఇది క్లౌడ్‌లో ఉంది, ఇక్కడున్నది నకలే" అనుకుని, ఖాళీ కోసం ఆ ఫైళ్లను డిలీట్ చేసేవారు నా దగ్గరకు తరచుగా వస్తున్నారు. ఆ గుర్తు ఉన్న ఫైలు మీ డిస్కులో అసలు లేదు, క్లౌడ్‌లోనే ఉంది. ఇక్కడ తీసివేస్తే అక్కడా పోతుంది. ఖాళీ కావాలంటే, ఆకుపచ్చ టిక్కు ఉన్న ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ నొక్కాలి. పొరపాటున తీసివేసినవారికి వన్‌డ్రైవ్ వెబ్‌సైటులోని రీసైకిల్ బిన్‌లో, వ్యక్తిగత ఖాతా అయితే 30 రోజుల వరకు ఆ ఫైలు దొరుకుతుంది. ఇంట్లోవాళ్లు కోప్పడతారని దాచిపెట్టి మూడు నెలల తరువాత వచ్చినవారికి నేను ఏమీ చేయలేకపోయాను. తెలిసిన రోజే వచ్చి ఉంటే ఐదు నిమిషాల పని.