లోహపు గాడుల వెంట సాగే తరంగం

చిరంజీవులకు ఆశీస్సులు.

నున్నని లోహం మీద పడిన వెలుగు వెనక్కి మళ్లుతుందని మీరు చదువుకున్నారు. అయితే బంగారం, వెండి వంటి లోహాలలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు వెలుగుతో కలిసి ఊగినప్పుడు, రెండూ పెనవేసుకుని ఉపరితలాన్నే అంటిపెట్టుకుని సాగే తరంగం పుట్టగలదు. దానిని ఉపరితల ప్లాస్మాన్ అంటారు. గాలిలో వచ్చే వెలుగుకు ఈ తరంగాన్ని పుట్టించేటంత ద్రవ్యవేగం ఉండదు. లోహం మీద సమాన దూరాల్లో గీసిన గీతలు ఆ లోటును పూరిస్తాయి. 1902లో రాబర్ట్ వుడ్ అటువంటి గీతల పలక నుంచి వచ్చిన వర్ణపటంలో ఎవరూ ఊహించని చోట పట్టీలను చూశాడు. వాటిలో కొన్నింటికి ఉపరితల తరంగాలే కారణమని 1941లో ఉగో ఫానో వివరించాడు.

ఇక వెలుగు కంటే ఎంతో ఎక్కువ తరంగదైర్ఘ్యం గల మైక్రోవేవ్‌ల సంగతి వేరు. వాటికి లోహం దాదాపు సంపూర్ణ వాహకం కనుక అవి లోపలికి చొరబడలేవు, నున్నని ఉపరితలం మీద నిలకడగా అతుక్కోనూ లేవు. ఆ లోహానికే వరుసగా గాడులు తొలిస్తే పరిస్థితి మారిపోతుంది. తరంగం ప్రతి గాడిలోకీ దిగి, అడుగున తగిలి, పైకి వచ్చి, ఆ తరువాతే పక్క గాడికి చేరుతుంది కనుక దాని నడక మందగిస్తుంది. గాడి లోతు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు దగ్గరయ్యే కొద్దీ ఈ జాప్యం పెరుగుతుంది. ఉపరితలం వెంట వెలుగు కంటే నెమ్మదిగా నడిచే తరంగానికి సరిజోడైన తరంగం గాలిలో దొరకదు. అందుచేత అది విడిపోయి బయటికి పోలేక అక్కడే బంధించబడి ఉంటుంది. 2004లో జాన్ పెండ్రీ, ఆయన సహచరులు లోహంలో చిన్న రంధ్రాలు తొలిచినా ఇదే ఫలితం వస్తుందని గణితంతో చూపారు. పదార్థానికి లేని గుణాన్ని కేవలం ఆకారం సమకూర్చడం నన్ను నేటికీ అబ్బురపరుస్తుంది.

కానీ ఒకసారి తొలిచిన గాడి లోతును మళ్లీ మార్చలేము. గ్రాఫీన్ పట్ల నా ఆసక్తికి ఇదే కారణం. ఒకే పరమాణువు మందం గల ఈ కార్బన్ పొరను ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవసెలోవ్ 2004లో వెలుగులోకి తెచ్చారు. దానికి వోల్టేజి ఇస్తే అందులో కదలాడే ఎలక్ట్రాన్ల సంఖ్య మారుతుంది, దానితో పాటే ప్లాస్మాన్ తరంగదైర్ఘ్యమూ మారుతుంది. 2012లో రెండు పరిశోధక బృందాలు అతి సన్నని మొన గల సూక్ష్మదర్శినితో ఈ తరంగాలను చూడగలిగాయి. వాటి తరంగదైర్ఘ్యం, వాటిని పుట్టించిన పరారుణ కాంతి తరంగదైర్ఘ్యంలో 40వ వంతు కంటే చిన్నది.

అయితే ఎలక్ట్రాన్లు మలినాలకూ, పరమాణువుల కంపనాలకూ తగిలి శక్తిని కోల్పోతాయి కనుక ఆ తరంగం ఎక్కువ దూరం పోకముందే అణగారిపోతుంది. గ్రాఫీన్‌ను బోరాన్ నైట్రైడ్ అనే స్ఫటికపు పొరల నడుమ ఉంచినప్పుడు ఆ తరంగం మరికొంత దూరం సాగుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య