కదలని ఫోను 9.8 అని ఎందుకు చూపిస్తుంది?

ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు 2016లో విడుదల చేశారు. అందులో గురుత్వంతో కలిపి త్వరణం చూపే పేజీ (Acceleration with g) తెరిచి ఫోనును బల్ల మీద వెల్లకిలా పెట్టండి. ఫోను కదలదు, అంకె మాత్రం 9.8 (మీ/సె²) దగ్గర నిలుస్తుంది. కదలని వస్తువుకు త్వరణం ఎక్కడిది? తొమ్మిదో తరగతి పిల్లలకు గురుత్వాకర్షణ పాఠాన్ని ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఫోనులో త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్ ఒక చిన్న సిలికాన్ చిప్పు. అందులో అతిసన్నని స్ప్రింగులకు కట్టినట్టుగా ఒక సూక్ష్మమైన దిమ్మె ఉంటుంది. ఫోను కిందికి పడకుండా బల్ల ఆపుతోంది. లోపలి దిమ్మె మాత్రం తన బరువుకు రవ్వంత కిందికి జరిగి స్ప్రింగులను లాగుతుంది. ఆ జరుగుడునే చిప్పు అంకెగా మారుస్తుంది. ఇప్పుడు ఫోనును మూడడుగుల ఎత్తు నుంచి మందపాటి పరుపు మీదికి వదలండి. గాలిలో ఉన్న ఆ అరసెకను లోపు అంకె దాదాపు సున్నా! భూమి ఆకర్షణ ఎక్కడికీ పోలేదు. ఫోనూ దిమ్మె కలిసే పడుతున్నాయి కాబట్టి స్ప్రింగు లాగబడలేదు, అంతే. కక్ష్యలో వ్యోమగాములు తేలడానికీ ఇదే కారణం.

తిరుపతి అక్షాంశం దగ్గర గురుత్వ త్వరణం సుమారు 9.78. ఒక ఫోను 9.9 అంటుంది, ఇంకొకటి 9.7 అంటుంది. ఫోను మంచిది కాదని అక్కడే వదిలేయకండి, అసలు పాఠం ఇక్కడే ఉంది. ఫోనును బోర్లా తిప్పండి. వెల్లకిలా 9.90, బోర్లా మైనస్ 9.68 వచ్చాయనుకుందాం. గుర్తు పక్కన పెట్టి సగటు తీస్తే 9.79. పరికరంలో ముందే ఉన్న 0.11 దోషం ఒకసారి కలిసింది, ఒకసారి తగ్గింది, సగటులో పోయింది. పుస్తకంలోని విలువను ప్రాక్టికల్ రికార్డులో దింపుకునే పిల్లలు ఇలా దోషాన్ని చేత్తో పట్టుకోవడం చూడాలి! దీనికి పిల్లలెవరూ ఫోను తేనక్కర్లేదు. ఉపాధ్యాయుల ఫోను ఒక్కటి చాలు. అదే వైఫైలో ఉన్న కంప్యూటర్ తెర మీద గ్రాఫు తరగతి అంతటికీ కనిపిస్తుంది.

కొన్ని ఫోన్లలో గాలి పీడనం కొలిచే బారోమీటర్ కూడా ఉంటుంది. చౌక ఫోన్లలో సాధారణంగా ఉండదు. ఉంటే మాత్రం తిరుమల ఘాట్ రోడ్డే ప్రయోగశాల. బస్సులో చెవులు దిబ్బడ వేసే ఆ దారిలో సుమారు 700 మీటర్లు పైకి వెళ్తాం. ప్రతి తొమ్మిది మీటర్లకు దాదాపు ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) చొప్పున పీడనం తగ్గుతుంది, అంటే కొండపైకి చేరేసరికి 75కు పైగా. అంతదూరం వెళ్లలేకపోతే బడి మెట్లెక్కినా చాలు, ఒక్క అంతస్తుకే 0.3 తేడా కనిపిస్తుంది.

అయితే ఉదయం పదింటికి కొండ కింద అలిపిరిలో రాసుకున్న అంకె, సాయంత్రం నాలుగింటికి దిగి వచ్చాక సరిపోదు. రెండు మూడు హెక్టోపాస్కళ్లు తక్కువ ఉంటుంది. ఎత్తుగా లెక్కేస్తే ఇరవై మీటర్లు దాటుతుంది, నిలబడ్డ చోటు మాత్రం అదే. ఈసారి దోషం ఫోనుది కాదు. సూర్యుడి వేడికి వాతావరణంలోనూ ఆటుపోట్లు వస్తాయి. మన ప్రాంతంలో పీడనం పగలూ రాత్రీ పది ప్రాంతంలో పెరిగి, నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. తిరుపతి దగ్గరి గాదంకిలో పెద్ద రాడార్‌తో శాస్త్రవేత్తలు ఈ ఆటుపోట్లనే పై పొరల్లో పరిశీలిస్తున్నారు. ఫోనును ఒక రోజంతా తరగతి గదిలో కదపకుండా ఉంచి పీడనం నమోదు చేస్తే, పిల్లలు ఆ పోటునూ ఆటునూ తమ గ్రాఫులోనే చూడవచ్చు.