వీసా ఒరిజినలే, మరి అకామా ఎవరి పేరు మీద?

కడప ఏడు రోడ్ల దగ్గర మాదొక చిన్న అంగడి. పాస్‌పోర్ట్ ఫారాలు, పోలీస్ క్లియరెన్స్, గల్ఫ్ మెడికల్ అపాయింట్‌మెంట్, విదేశాలకు పనికి పోయేవాళ్ల కోసం మన సర్కారు పెట్టిన ఈమైగ్రేట్ వెబ్‌సైట్ పనులు చూస్తుంటాను. అంతకుముందు పదకొండేళ్లు కువైట్‌లో ఒక కంపెనీ మందూబ్ వెనకాల ఫైళ్లు మోసుకుంటూ నివాస అనుమతులు చూసే జవాజాత్ ఆఫీసుల చుట్టూ తిరిగాను. కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల పనులు చూసేవాడే మందూబ్. అరబ్బీ చదవడం ఆ తిరుగుడులోనే వచ్చింది.

ఈమధ్య వేంపల్లె వైపు నుంచి ఒకామె వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. వాట్సాప్‌లో వీసా ఫోటో. "అన్నా, ఒరిజినలేనా చూడు" అంది. అందరూ అడిగేది ఇదే. ఆసుపత్రిలో క్లీనింగ్ పని అని ఏజెంట్ చెప్పాడట. ఫోటో పెద్దది చేసి వృత్తి అని ఉండే గడి చూశాను. అక్కడున్నది ఇంటిపని మనిషి అని. స్పాన్సర్ గడిలో ఆసుపత్రి పేరూ లేదు, కంపెనీ పేరూ లేదు, ఒక మనిషి పేరుంది. "ఒరిజినలేనమ్మా. కాకపోతే ఇది ఆసుపత్రిది కాదు, ఇంటిపనిది" అన్నాను. "అదేముందన్నా, పోయినాక మార్పిస్తారంట" అంది.

అపోహలన్నింటికీ పెద్దన్న ఇదే. దీని సంగతే ముందు చెప్తాను.

అపోహ: ఖాదిం వీసా మీద పోయి, తర్వాత షూన్‌కి మార్చుకోవచ్చు

మనవాళ్లు ఖాదిం అనేది 20వ నంబరు వీసా, అంటే ఇంటిపని. షూన్ అనేది 18వ నంబరు, ప్రైవేటు కంపెనీ పని. ఈ రెంటి మధ్య గోడ ఉంది. ఆ గోడలో తలుపు అప్పుడప్పుడు తెరుస్తారు. 2024లో జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 దాకా తెరిచారు. ఆ రెండు నెలల్లోనూ అందరికీ దొరకలేదు. ఉన్న కఫీల్ (వీసా ఇచ్చిన స్పాన్సర్) దగ్గర ఏడాది పూర్తయి ఉండాలి, ఆయన ఒప్పుకోవాలి, పైగా 50 దినార్ల ఫీజు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఏ ఏజెంటూ చెప్పలేడు. అయినా చెప్తాడు, చెప్పడానికి ఖర్చేముంది?

అకామా అంటే మీకు ఆ దేశంలో ఉండే హక్కు అనుకుంటారు. ఫలానా కఫీల్ దగ్గర, ఫలానా పని చేస్తున్నంత కాలం ఉండనిస్తామన్న అనుమతి అది, అంతే. పని మారినా, కఫీల్ మారినా అకామా మీద కూడా ఆ మార్పు పడాలి. పడకపోతే మీరు కాగితం మీద ఒక ఇంట్లో ఉంటారు, ఒళ్లు ఇంకోచోట పనిచేస్తుంటుంది. తనిఖీకి దొరికేది ఆ ఒళ్లే.

అపోహ: ఆజాద్ వీసా అయితే ఎక్కడైనా పని చేసుకోవచ్చు

ఆజాద్ వీసా అనే రకం కువైట్ చట్టంలో లేదు. ఒక కఫీల్ డబ్బు తీసుకుని తన పేరు మీద వీసా ఇస్తాడు, "నీ పని నువ్వు చూసుకో" అంటాడు. దానికి మనవాళ్లు పెట్టుకున్న పేరు ఆజాద్. నిజానికి అంతకంటే కట్టుబడిపోయిన వీసా ఇంకోటి ఉండదు. అకామా రెన్యువల్ వచ్చినప్పుడల్లా ఆయన అడిగినంత పెట్టాల్సిందే.

నా తమ్ముడి వరసవాడు ఒకడు అట్లాగే పోయాడు. రెన్యువల్‌కని డబ్బు కట్టాడు, కఫీల్ తీసుకున్నాడు, పని మాత్రం చేయలేదు. బితాకా, అంటే కువైట్ గుర్తింపు కార్డు, జేబులోనే ఉంది కదా అని మావాడు నిశ్చింతగా తిరిగాడు. అకామా గడువు దాటి నాలుగు నెలలైందని తెలిసింది పోలీసు ఆపినప్పుడే. ఇప్పుడు ఫోన్లోనే కువైట్ సర్కారు సాహెల్ యాప్ ఉంది, కువైట్ మొబైల్ ఐడీ ఉంది. జీతం పడిందో లేదో చూసుకున్నట్టు నెలకోసారి అకామా గడువు కూడా చూసుకోండి.

2025 జనవరి 5 నుంచి కొత్త నివాస చట్టం అమల్లోకి వచ్చింది. వీసాలు అమ్ముకునేవాళ్లకు మూడు నుంచి ఐదేళ్ల జైలు, 5,000 నుంచి 10,000 దినార్ల దాకా జరిమానా. "శిక్ష అమ్మేవాడికే కదా" అని ఒకాయన మా అంగట్లో నవ్వాడు. కొన్నవాడికి అకామా పోతుంది, తిరుగు ప్రయాణం రాసిపెట్టినట్టే. ఊర్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం ఎక్కడికీ పోదు.

అపోహ: వీసా వచ్చిందంటే పని అయిపోయినట్టే

వీసా దేశంలోకి దిగనిచ్చేదాకే. ఇక్కడ మెడికల్, పోలీస్ క్లియరెన్స్ ఉంటాయి. అక్కడ దిగాక మళ్లీ మెడికల్, వేలిముద్రలు, ఆ తర్వాత అకామా, చివరికి బితాకా. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది మెడికల్‌ని. ఎప్పుడో టీబీ వచ్చి పూర్తిగా తగ్గిపోయినవాళ్లకు కూడా ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపిస్తే అన్‌ఫిట్ అంటారు. ఇక్కడే అన్‌ఫిట్ అయితే పోయేది మెడికల్ ఫీజు ఒక్కటే. ఇక్కడెవరినో పట్టుకుని ఫిట్ రాయించుకుని పోతే, అక్కడి ఎక్స్‌రే ముందు ఆ పలుకుబడి పనిచేయదు, అకామా పడకుండానే తిరుగు టికెట్. పాత జబ్బు ఉంటే వీసాకు డబ్బు కట్టకముందే సొంతంగా ఒక ఎక్స్‌రే తీయించుకోండి.

అపోహ: పదో తరగతి లేకున్నా, మొదట దుబాయ్ పోయి అక్కణ్ణుంచి కువైట్ పోవచ్చు

వేంపల్లె ఆమె టికెట్ కూడా ఇట్లాంటిదే. చెన్నై నుంచి దుబాయ్, అదీ విజిట్ వీసా మీద. ఆమె ఏడో తరగతితో ఆపేసింది కాబట్టి పాస్‌పోర్ట్ ఈసీఆర్, అంటే పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇచ్చేది. అట్లాంటి పాస్‌పోర్ట్‌తో కువైట్ సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. ఇంటిపనికి పోయే ఆడవాళ్లకైతే ముప్పై ఏళ్లు నిండాలి. ఈమెకు ముప్పైనాలుగు, వయసుతో చిక్కు లేదు. కానీ 2016 నుంచి ఇట్లాంటి ఆడవాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు. ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో దానికి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో ఈ ప్రశ్నలన్నీ రాకుండా తప్పించుకోవడానికే దుబాయ్ దారి.

"ఎట్ల పోతే ఏముందన్నా, చేరితే చాలు కదా" అంటారు. క్లియరెన్స్‌తో పోయినవాళ్ల కాంట్రాక్ట్ ఈమైగ్రేట్‌లో ఉంటుంది. ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది, రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, 10 లక్షల బీమా. అడ్డదారిన పోయినవాళ్లకు ఈ రెండూ ఉండవు. రేపు జీతం ఇవ్వకపోతే, ఎంత జీతం ఒప్పుకున్నారో ఎంబసీకి చూపించడానికి ఒక్క కాగితం కూడా చేతిలో ఉండదు.

అపోహ: పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరే ఉండాలి

ఉండకూడదు. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్ల పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోకూడదు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి. కనీస జీతం 60 దినార్లు. చట్టంలో ఉన్నవన్నీ ప్రతి ఇంట్లో జరుగుతాయని నేను చెప్పను. పాస్‌పోర్ట్ అడిగితే మామా (ఇంటి యజమానురాలు) అలిగిన ఇళ్లు నాకు తెలుసు. కనీసం ఒక ఫోటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కి పంపి పెట్టుకోండి.

అపోహ: ఖల్లివల్లి (కఫీల్‌ని వదిలేసి అకామా లేకుండా ఉండడం) అయినా ఫరవాలేదు, క్షమాభిక్ష వస్తుంది

వస్తుంది. 2018లో వచ్చింది, 2020లో వచ్చింది, 2024లో మార్చి 17న మొదలై జూన్ 30 దాకా నడిచింది. సంవత్సరాలు ఒకసారి లెక్క చూసుకోండి. 2020 తర్వాత కఫీల్‌ని వదిలి బయటపడినవాళ్లు ఎన్నేళ్లు దాక్కున్నారో! ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి పోవాలన్నా భయమే, ఊర్లో తండ్రి పోయినా రాలేరు. కఫీల్ నిజంగానే బాధలు పెడుతుంటే బయటికి దూకకముందే ఫిర్యాదు చేయాలి. పారిపోయాడని కఫీలే ముందుగా కేసు పెడితే, తర్వాత మీరు చెప్పే మాటకు సగం విలువే.

చిన్నవి కొన్ని. సర్వీస్ ఛార్జి కింద లైసెన్స్ ఉన్న ఏజెంట్ తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. సబ్ ఏజెంట్ అనే మనిషికి చట్టంలో చోటే లేదు, ఏజెంట్ పేరు ఈమైగ్రేట్‌లో వెతికితే లైసెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. ఇరవై ఏళ్లు ఉంటే కువైట్‌లో పర్మనెంట్ అవుతారన్నది ఒట్టిమాట, అకామా ఉన్నన్నాళ్లే ఉంటారు. భార్యాపిల్లల్ని ఫ్యామిలీ వీసా మీద తీసుకుపోవాలంటే 800 దినార్ల జీతం చూపాలి, ఖాదిం వీసావాళ్లు ఆ ఊసు మరిచిపోవచ్చు. షూన్‌వాళ్లు సెలవుకు వచ్చేముందు 2025 జూలై 1 నుంచి కంపెనీ ఆమోదంతో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి, టికెట్ కొన్నాక గుర్తొస్తే లాభం లేదు.

ఆమెకు ఇవన్నీ చెప్పలేదు. వృత్తి గడిలో ఏముందో తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చాను, ప్రవాసీ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090 కింద రాశాను. "పాస్‌పోర్ట్ ఎక్కడుంది?" అని అడిగితే ఏజెంట్ దగ్గరుందని చెప్పింది. ముందు అది తెచ్చుకోమన్నాను.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. పోతానని గానీ పోనని గానీ చెప్పలేదు. కొంగులోంచి పాస్‌పోర్ట్ తీసి రెండు జెరాక్సులు తీయించుకుని, మూడు గంటల బస్సుందని వెళ్లిపోయింది.